పందికొక్కు కన్నా ముందు పునాది

ఇంటికింద పందికొక్కు చేరితే ఉత్తర తెలంగాణ పల్లెలో అది ఇంటిల్లిపాదికీ బెడదే. రాత్రంతా అర్ర మూలన మట్టి గీకిన చప్పుడు, తెల్లారేసరికి గోడ వారన తవ్విపోసిన మట్టి కుప్ప, వానకాలంలో ఆ బొక్కలోకి నీళ్లు దిగి కుంగే గోడ. ఈ బెడద గురించి ఎవరు మాట్లాడినా మాట జంతువు మీదికే పోతుంది: ఎట్లా పట్టాలి, ఏం పెట్టి చంపాలి అని. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల ఇళ్ల చరిత్రనూ ధాన్యం దాచుకున్న తీరునూ పక్కపక్కన పెట్టి చూస్తే వేరే సంగతి తేలుతుంది. పందికొక్కును ఇంటికిందికి రప్పించినవి మూడు: దానికి అందేటట్టు నిల్వ ఉన్న గింజ, రాయి లేని పునాది, మూత లేని మోరి. దాన్ని దూరం పెట్టగలిగిన ఇళ్లు ఈ మూడింటిని సరిచేసుకున్న ఇళ్లు. చంపడమూ ఎప్పటినుంచో ఉంది, కానీ చంపడం ఒక్కదానితో బెడద తీరలేదు. పునాదికి రాయి వేసుకునే స్తోమత అందరికీ లేదు కాబట్టి ఇంటికింది పందికొక్కు చరిత్ర కొంతవరకు ఆస్తిపాస్తుల చరిత్ర కూడా.

ముందు జంతువు సంగతి. పందికొక్కు అని మనం పిలిచేవి రెండు జాతులు. పెద్దది మోరీల్లో, పెంటకుప్పల పక్కన, పాత గోడల కింద బతుకుతుంది. కిలో దాకా తూగుతుంది, ఎదురుపడితే వీపు మీది బిరుసు వెంట్రుకలు నిక్కబొడుచుకుని పందిలా గుర్రుమంటుంది. చిన్నది పొలం ఒరాల్లో ఎక్కువ, కోతలయ్యాక ఊళ్లోకి దిగుతుంది. వీటి ముందుపళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఏదో ఒకటి కొరకక తప్పదు. మట్టి గోడ, కర్ర తలుపు, నాసిరకం గచ్చు వాటిని ఆపలేవు. చిన్న పందికొక్కు బొక్కను తవ్వి చూస్తే లోపల పెద్ద ఏర్పాటే కనిపిస్తుంది: ఒకటికి మించిన దారులు, పిల్లలకు ఒక గది, గింజలకు వేరే గదులు, బయటి నోటికి తవ్విన మట్టితోనే బిరడా. ఆ గింజల గదుల్లో కిలోల కొద్దీ వడ్లు ఉంటాయి. కోతల తర్వాత పేదలు బొక్కలు తవ్వి ఆ వడ్లు తెచ్చుకుని వండుకున్న కాలం తెలుగు పల్లెల్లో మరీ దూరంది కాదు. ఏడాదిలో పలుమార్లు ఈనే జంతువు ఇది. పదింటిని చంపితే మిగిలిన వాటికి తిండీ జాగా పెరుగుతాయి, కొన్నాళ్లకే సంఖ్య మళ్లీ మొదటికి వస్తుంది. ఎన్నింటిని చంపామన్న లెక్క కన్నా వాటికి ఎంత తిండి, ఎంత జాగా దొరుకుతున్నాయన్న లెక్క ముఖ్యం కావడానికి కారణం ఇదే.

ఈ నేల మీద స్థిరమైన ఊళ్లు, నిల్వ ధాన్యం కొత్తవి కావు. శాతవాహనుల కాలపు కోటిలింగాల, ధూళికట్ట, పెద్దబంకూరు తవ్వకాల్లో ఇటుక కట్టడాలు బయటపడ్డాయి. అంటే మనుషులు ఒకచోట కుదురుకుని పంట దాచుకోవడం ఇక్కడ రెండువేల ఏళ్ల నాటి మాట. కాకపోతే ఇల్లు దేని మీద నిలబడిందన్నది ఊరూరికీ, ఇంటింటికీ మారింది. 1905 దాకా ఎల్గందల్ పేరుతో ఉన్న కరీంనగర్ జిల్లాలో గ్రానైట్ గుట్టలకు కొదవ లేదు. అయినా రాయి కొట్టించాలన్నా, బండి మీద తెప్పించాలన్నా డబ్బు కావాలి. దొరల గడీలకు రాతి పునాది, డంగు సున్నం, ఎత్తయిన అరుగులు, ధాన్యానికి ప్రత్యేకమైన అర్రలు అమరాయి. రైతు ఇంటికి కింద రెండు వరుసల బండలు, పైన తొక్కిన మట్టి గోడ, మీద గూన పెంకులు. కూలి ఇంటికి ఆ రెండు వరుసలు కూడా లేవు. గోడ నేలలోంచే లేచేది. రాయి కొట్టి ఆ పునాదులు వేసింది వడ్డెరలు. వాళ్లు పొలం ఎలుకల్ని ఇష్టంగా తింటారని ఎడ్గర్ థర్స్టన్ 1909లో అచ్చయిన దక్షిణ భారత కులాల, తెగల సంపుటాల్లో, మద్రాసు ప్రెసిడెన్సీ గురించి రాస్తూ నమోదు చేశాడు. పందికొక్కు దారి మూయడం, పందికొక్కును పట్టడం అనే రెండు విద్యలూ ఒకే జనం చేతిలో ఉన్నాయన్నమాట. ఆ రెండు విద్యలూ తెలిసిన వాళ్ల గుడిసెలకే రాతి పునాది దక్కలేదన్నది కూడా ఈ చరిత్రలో చెప్పుకోవలసిన మాట.

రాయి లేని ఇల్లు ఏం చేసింది? గింజను నేల నుంచి పైకెత్తింది. మేదరి చీల్చిన వెదురు బద్దలతోనో, వావిలి బరిగెలతోనో మనిషెత్తు గుమ్మి అల్లేవాళ్లు. లోపలా బయటా పేడ, ఎర్రమట్టి కలిపి పూసి ఆరబెట్టేవాళ్లు. దాన్ని గోడకు ఆనించకుండా, నేల మీద నేరుగా పెట్టకుండా, నాలుగు రాళ్ల మీద నిలబెట్టేవాళ్లు. వడ్లు పోశాక పైన వేపాకు పరచి మట్టితో మూసేవాళ్లు. అవసరమైనప్పుడు గింజ తీసుకోవడానికి అడుగున చిన్న కంత, దానికి గుడ్డ బిరడా. ఈ అమరికలో రాళ్లే కీలకం. గుమ్మి కింద చెయ్యి దూరేంత ఖాళీ ఉంటే అక్కడ చీపురు తిరుగుతుంది, రాలిన గింజ మిగలదు, మట్టి తవ్విన జాడ కనబడుతుంది. ఇక ఇంటి నేలనూ గోడ అడుగునూ పేడతో అలికే పని ఉండేది. శుభ్రానికీ పండక్కీ చేసే పనిగా దాన్ని చెప్పుకుంటాం గానీ, అది ఇంటి తనిఖీ కూడా. చేత్తో నేలంతా తడుముతూ అలికే ఆడమనిషికి కొత్త బొక్క మొదటి రోజే తగులుతుంది. వెంటనే గాజు పెంకులు, గులకరాళ్లు కూరి మట్టి మెత్తితే పందికొక్కు వేరే దారి వెతుక్కోవాలి. పది రోజులు ఆలస్యమైతే లోపల గది తయారై పిల్లలు కూడా పుడతాయి. ఇంటికింది బెడదను అదుపులో ఉంచిన ముఖ్యమైన పని ఇదే. కూలి లేకుండా ఏళ్లతరబడి దాన్ని చేసింది ఆడవాళ్లు.

జొన్నలకు ఇంకో పద్ధతి ఉండేది, పాతర. గట్టి మొరం నేలలో, మెరక మీద, వాన నీరు నిలవని చోట గొయ్యి తీసి, అడుగున, చుట్టూ గడ్డి పరచి, జొన్నలు నింపి పైన మట్టి కప్పేవాళ్లు. లోపలి గాలిని గింజా పురుగూ కలిసి వాడేసుకుంటే మిగిలిన గాలిలో పురుగు బతకదు. పాతర తెరిచిన వెంటనే మనిషి దిగితే ప్రాణం పోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి కాసేపు గాలి ఆడనిచ్చేవాళ్లు. నేలలో పెట్టినా పందికొక్కుకు అందకపోవడానికి కారణం నేల గట్టిదనం, లోతు. ఆదిలాబాద్ నల్లరేగడి పరిస్థితి వేరు. ఎండాకాలం ఆ నేల పగిలి నెర్రెలిస్తుంది; తవ్వే జంతువుకు సగం దారి నేలే తీసిపెడుతుంది. అక్కడ గోండుల, కొలాముల ఇళ్లు ఎక్కువగా టేకు గుంజలు, వెదురు తడికలు, మట్టి పూతతో కట్టినవి. గింజకు మట్టి మెత్తిన పెద్ద వెదురు బుట్టలు. వాళ్ల గూడేలు ఒకప్పుడు ఒకే జాగాలో తరతరాలు పాతుకుపోయినవి కావు, అవసరాన్ని బట్టి జాగా మారేవి. కట్టడం తేలిక కాబట్టి పాడైన ఇంటిని విప్పి కొత్తగా కట్టుకోవడమూ తేలికే. రిజర్వు అడవుల గీతలు ఆ కదలికను ఆపేశాయి. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కొమురం భీం ప్రాణమిచ్చింది భూమి, అడవి హక్కుల కోసం; ఆ తర్వాత అక్కడికి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1948లో అచ్చయిన తన రాజ్‌గోండుల పుస్తకంలో ఆ జీవితాన్ని వివరంగా రాశాడు. 1938లో స్థాపించిన సిర్పూర్ కాగితం మిల్లుకు ఈ అడవుల వెదురే ముడిసరుకయింది. అక్కడ ఎలుకల కోసం ఎవరూ ఊరు మార్చలేదు, ఎలుకల కోసం ఎవరూ చట్టం చేయలేదు. అయితే కదిలే వీలూ, చేతికందే వెదురూ తగ్గిన కొద్దీ పేద ఇల్లు తనను తాను బాగుచేసుకునే శక్తి తగ్గింది. బెడద పెరగడానికి అంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

ఈ వాదానికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. పాత పద్ధతులు అంత గొప్పవైతే ప్లేగు ఎందుకు వచ్చింది, గింజ ఎందుకు పోయింది అని అడగవచ్చు. అడగవలసిందే. 1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు దక్కనంతా పాకింది. 1911లో హైదరాబాద్ నగరాన్ని కుదిపేసింది. ఎలుక మీది గోమారే రోగాన్ని మోస్తుందని ఫ్రెంచి వైద్యుడు పాల్ లూయీ సీమాన్ 1898లో చెప్పినదాన్ని 1905లో ఏర్పడ్డ ప్లేగు పరిశోధన సంఘం ప్రయోగాలతో నిరూపించింది. గింజ నిల్వ ఉండే మట్టి ఇళ్లలో, పెంకుల కప్పుల్లో మనిషి పక్కనే బతికే నల్ల ఎలుకే రోగానికి ప్రధాన వాహకం. ఆ తర్వాత 1960ల్లో పాన్సే కమిటీ దేశంలో కోత తర్వాత పోయే తిండిగింజలను 9.33 శాతంగా అంచనా కట్టింది. అందులో ఎలుకల జాతి వాటా 2.5 శాతం. అంటే గుమ్మి, పాతర, అలుకుడు బెడదను పూర్తిగా తుడిచిపెట్టలేదు. నేను అంటున్నదీ అది కాదు. ప్లేగు నేర్పిన పాఠం నా వాదాన్నే బలపరుస్తుంది. ఎలుకలు రాలడం మొదలుకాగానే దక్కన్ పల్లెల జనం ఇళ్లు ఖాళీ చేసి చేలల్లో గుడిసెలు వేసుకున్నారు. ప్రాణాలు నిలబెట్టింది గింజకూ ఎలుకకూ దూరంగా జరగడం. హైదరాబాద్‌లోనూ 1908 మూసీ వరద, 1911 ప్లేగు తర్వాత ప్రభుత్వం 1912లో నగరాభివృద్ధి సంస్థను పెట్టి ఇరుకు వాడలను తీసేసి ఇళ్లు, రోడ్లు, మోరీల మీద డబ్బు పెట్టింది. రోగం ముందు నిలబడిన రాజ్యం కూడా చివరికి పునాది దగ్గరికీ మోరి దగ్గరికీ రావలసి వచ్చింది.

రెండో అభ్యంతరం నమ్మకాల గురించి. ఎలుక వినాయకుడి వాహనం, పుట్టకు పాలు పోసే జనం పాముల్ని కొట్టరు, అందుకే ఇల్లంతా ఎలుకల, పాముల పాలైందని ఒక మాట వినిపిస్తుంది. ఆచరణ అట్లా లేదు. వినాయక చవితి చేసిన ఇంట్లోనే ఎలుకల బోనూ ఉండేది. దేవుడి వాహనమన్న భక్తి బోను పెట్టడానికి అడ్డం రాలేదు. పాము విషయంలో ఆ మర్యాద మేలే చేసింది. జెర్రిపోతు పొలంలో, గడ్డివాము దగ్గర ఎలుకల్ని తింటుంది, దానికి విషం లేదు. నాగుపాము, రక్తపింజర కూడా ఎలుక వాసన పట్టుకునే ఇంటిదాకా వస్తాయి. ఇంటికింద పందికొక్కు బొక్క ఉంటే రేపు అందులో పాము చేరవచ్చు, ఆ ఇంట్లో పసిపిల్లలు నేల మీద పడుకుంటారు. అందువల్ల పందికొక్కు బొక్క మూయడం పాముకాటు నివారణ కూడా. ఇంకో జీవి ఈ గొడవలో అన్యాయంగా దెబ్బతింటుంది, అది చుంచు. మూతి పొడుగ్గా, కళ్లు చిన్నగా, ఒంటి పక్క గ్రంథుల నుంచి ఘాటైన వాసనతో గోడ వెంబడి కీచుమంటూ పోయే ఈ ప్రాణి ఎలుక జాతిది కాదు. బొద్దింకల్నీ పురుగుల్నీ తింటుంది. దాని వాసనకు పిల్లి కూడా ముట్టదు. వాసన భరించలేక దాన్ని చంపే ఇల్లు, బొద్దింకల్ని తినే జీవిని చంపుకుంటోంది. ఇంటి చుట్టూ తిరిగే పునుగుపిల్లికీ, ముంగిసకూ, ఉడుముకూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఇచ్చింది. ఎలుకల్ని అదే చట్టం చాలాకాలం హానికర జంతువుల పట్టీలో ఉంచింది. ఇంటికింద చేరింది ఏ జీవో తెలుసుకోకుండా మందు చల్లడం తగదనడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

గత అరవై ఏళ్లలో ఈ ప్రాంతంలో తిండీ నీరూ తిరిగిన దారి మారిపోయింది. 1963లో నెహ్రూ పోచంపాడు దగ్గర శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నీరు కాకతీయ కాలువ గుండా కరీంనగర్ మెట్ట పొలాలకు చేరింది; 1980ల నడుమ దిగువ మానేరు డ్యాం పూర్తయింది. జొన్న, మక్క చేలు వరి పొలాలయ్యాయి, ఏడాదికి ఒక పంట రెండయింది. ఏడాది పొడవునా తడి నేల, ఏడాది పొడవునా గింజ ఉన్న చోట చిన్న పందికొక్కుకు కరువు రోజులు లేవు. సరిగ్గా అదే కాలంలో ఇంట్లోంచి గింజ వెళ్లిపోయింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక పేద ఇల్లు ఏడాది తిండిని గుమ్మిలో పెట్టుకోవలసిన అవసరం తగ్గింది. తర్వాత తర్వాత రైతు కూడా వడ్లను కల్లం నుంచి నేరుగా కొనుగోలు కేంద్రానికే తోలుతున్నాడు. గుమ్మి పోయింది, దాంతోపాటు గుమ్మి కింద తిరిగిన చీపురూ పోయింది. పందికొక్కు మాత్రం తిండి వెంటే నడిచింది: సుల్తానాబాద్, పెద్దపల్లి లాంటి చోట్ల రైస్ మిల్లులకు, గోదాములకు, పట్నాల్లో హోటళ్ల వెనక మోరీలకు, చెత్తకుప్పలకు, అక్కడినుంచి పక్కనే ఉన్న ఇళ్ల కిందికి. ఇంట్లో గింజ లేకపోయినా వీధిలో అన్నం మెతుకులు ఉన్నాయి.

ఈ ఖాళీలోకి మందు వచ్చింది. జింక్ ఫాస్ఫైడ్ కలిపిన నూకలు, బ్రోమాడయోలోన్ బిళ్లలు, పసుపు భాస్వరం పేస్టు కిరాణా దుకాణం దాకా చేరాయి. పొలంలో ఊరంతా ఒకేసారి, పంట దశ చూసి పెట్టే మందుకు ప్రయోజనం ఉంది. వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పే పద్ధతీ అదే, ముందు రెండు మూడు రోజులు మందు లేని తిండి అలవాటు చేసి తర్వాతే మందు కలపమంటారు. ఎందుకంటే ఎలుకలు కొత్త తిండిని కొంచెమే కొరికి చూస్తాయి. జింక్ ఫాస్ఫైడ్ తిని బతికి బయటపడ్డది మళ్లీ ఆ ఎరను ముట్టదు. ఇంటికింద మాత్రం మందు వేరే చిక్కులు తెస్తుంది. తిన్న జంతువు బొక్కలోనే చచ్చి రోజుల తరబడి ఇల్లంతా కంపు కొడుతుంది. బ్రోమాడయోలోన్ తిని నాలుగైదు రోజులు నీరసంగా తిరిగే ఎలుకను గుడ్లగూబ పట్టుకుంటే ఆ విషం దానికీ ఎక్కుతుంది; రేపటి ఎలుకల్ని తినవలసిన పక్షి ఈరోజు పోతుంది. పసుపు భాస్వరానికి విరుగుడు లేదు, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది; ఇంట్లో అటక మీద ఆ డబ్బా ఉండటమే పిల్లలకు, మనసు చెదిరిన మనుషులకు ముప్పు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవద్దని మన పెద్దలు చెప్పిన సామెత ఈ డబ్బా విషయంలో అక్షరాలా సరిపోతుంది. అన్నిటికీ మించి, బొక్క అట్లాగే ఉంటే చచ్చిన దాని జాగాలోకి ఇంకోటి వస్తుంది.

సిమెంటు వచ్చాక ఇదంతా పాత కథే కదా అన్నది మూడో అభ్యంతరం. సిమెంటు చాలా మేలు చేసింది, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కాంక్రీటు దిమ్మెను పందికొక్కు కొరకలేదు. అది వచ్చేది దిమ్మె పక్కనుంచి. పునాది గోడల నడుమ పోసిన మొరం సరిగ్గా దిమ్మిస చేయకపోతే లోపల నేల మెత్తగానే ఉంటుంది. స్నానాల బండ నీళ్లు బయటికి పోయే గొట్టం చుట్టూ చేతిమందం సందు వదిలేస్తారు. ఆ గొట్టం పోయి కలిసే వీధి మోరికి మూత ఉండదు. పందికొక్కు బాగా ఈదుతుంది కాబట్టి మోరి దానికి బాట. పైన టైల్స్ మెరుస్తున్న గది కింద మొరం తవ్వుకుపోయి నేల కుంగడం ఇట్లాగే జరుగుతుంది. బస్తీలో ఒక ఇల్లు గట్టిగా కట్టుకున్నా పక్కింటి సందు, మునిసిపాలిటీ మోరి తెరిచి ఉంటే దాని శ్రమ సగం వృథా. రాతి పునాది ఉన్న గడీకీ, మట్టి గుడిసెకూ నడుమ ఉన్న తేడా ఇప్పుడు మూత ఉన్న మోరి వీధికీ, లేని వీధికీ నడుమ కనిపిస్తోంది. బెడద ఉమ్మడిది, కాబట్టి మందు కూడా ఉమ్మడిదే కావాలి. ఆ మందు పేరు మూత ఉన్న మోరి, రోజూ ఎత్తే చెత్త.

ఈ తర్కం మన దగ్గరే ఆగదు. అమెరికాలో ఇంటి మెట్ల కింద, చెక్క వసారా కింద స్కంక్ అనే కంపు జంతువు చేరుతుంది. బెదిరిస్తే తోక కింది గ్రంథుల నుంచి భరించలేని ద్రవం చిమ్ముతుంది. అక్కడ అనుభవజ్ఞులు చెప్పే దారి దాన్ని కొట్టడం కాదు: అది బయటికి పోగలిగి లోపలికి రాలేని తలుపు పెట్టాలి, పోయిందని తేలాక, లోపల పిల్లలు లేవని చూసుకుని, ఇంటి చుట్టూ నేలలోకి దిగేటట్టు ఇనుప జాలీ పాతి సందు మూయాలి, బయట పిల్లి తిండి, చెత్తడబ్బా తెరిచి ఉంచకూడదు. జంతువు వేరు, దేశం వేరు, జాలీ చేసే పని మాత్రం మన గాజు పెంకులూ గులకరాళ్లూ చేసిన పనే.

కాబట్టి చేయవలసింది ఏమిటో స్పష్టంగానే ఉంది. 2024 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షల రూపాయల సాయం మొదలుపెట్టింది. అందులో మొదటి లక్ష పునాది మట్టానికి వచ్చాక ఇస్తారు. అంటే పునాది పూర్తయిన రోజున అధికారి ఆ ఇంటి ముందు నిలబడతాడు. ఆ ఒక్క పరిశీలనలోనే మొరం దిమ్మిస పడిందా, గొట్టం చుట్టూ సందు మూశారా, గొట్టం నోటికి జాలీ ఉందా, గోడ అడుగున రాయి గట్టిగా కూర్చుందా అని చూడవచ్చు; ఇంటి ఖర్చులో ఇది చిన్న భాగం. ఇన్నాళ్లూ గడీకి దక్కి గుడిసెకు దక్కని రాతి పునాదిని పేద ఇంటికి ఇచ్చే అవకాశం ఇప్పుడు పంచాయతీ చేతిలో, మునిసిపాలిటీ చేతిలో ఉంది. ఎలుకల మందు కోసం ఏటా పెట్టే డబ్బును ఒక్కసారి మోరి మూతల మీద పెట్టాలని గ్రామసభ తీర్మానం చేస్తే, అది ఈ నేల రెండువేల ఏళ్లుగా నేర్చుకున్న పాఠాన్ని అమలుచేయడమే అవుతుంది.